భుజంలో సగం చిరుగు: రఫూ మేలా, కోసి కుట్టడం మేలా?

ఫజర్ నమాజుకు నిలబడి తక్బీర్ చెబుతూ చేతులెత్తినప్పుడు మా మామూజాన్ కుడిచేయి చెవి దాకా రావడం మానేసి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. మైపాడు తీరానికి చేరువలో రొయ్యల గుంటల మీద ఆయన జీవనం. రోజుకు నాలుగు పూటలు మేత చల్లడం, మేత బస్తాలు భుజాన మోయడం, రొయ్య ఎదుగుదల చూడడానికి విసురువల వేయడం. ఇరవై ఏళ్లుగా ఈ పనులన్నీ ఆ కుడి భుజమే మోసింది. "నరం పట్టింది, అదే సర్దుకుంటుంది" అని ఆయన అన్నారు. చమురు మర్దనలు అయ్యాయి, వేడి కాపడాలు అయ్యాయి. రాత్రివేళ ఆ పక్కకు తిరిగి పడుకోలేని స్థితి వచ్చాక నెల్లూరుకు తీసుకెళ్లి ఎమ్మారై తీయించాము. భుజంలోని స్నాయుబంధనంలో పాక్షికంగా చిరుగు ఉన్నదని రిపోర్టు వచ్చింది.

ఆ కాగితంతో ఇంట్లో చర్చ మొదలైంది. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నారు. మరొకరు మూడు నెలలు వ్యాయామం చేసి చూద్దామన్నారు. ఆపరేషన్ అంటూ జరిగితే అది రెండు విధాలుగా చేయవచ్చునట; ఏది మంచిదో బంధువులలో ఎవరికి తోచినది వారు చెప్పారు. మామూజాన్ చిన్న కుమార్తె నికాహ్ కోసం దాచిన కొద్దిపాటి సొమ్ము తప్ప ఇంట్లో వేరే నిల్వ లేదు. వడ్డీకి అప్పు తెచ్చే ఆలోచన ఆయనకు ఏనాడూ లేదు. కనుక నిర్ణయం తీసుకునే ముందు విషయాన్ని సాంతం తెలుసుకోవాలనుకున్నాము. డాక్టర్లను అడిగి, చదివి, చివరకు ఆయన చికిత్సలో వెంట ఉండి మేము గ్రహించినదానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము. వల లాగే చేతులు, బట్టలు కుట్టే చేతులు, దేగ్‌లు ఎత్తే చేతులు ఉన్న ప్రతి ఇంటికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు అవసరపడవచ్చు.

భుజంలో చిరిగేది ఏమిటి?

మన ఇళ్లలో 'నరం' అని పిలిచేది నిజానికి నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టివుంచే గట్టి పట్టీ అది. దాన్నే స్నాయుబంధనం అంటారు. డాక్టర్లు టెండన్ అంటారు. రెక్క ఎముక నుండి బయలుదేరిన నాలుగు కండరాల స్నాయుబంధనాలు దండచేయి ఎముక తలను చొక్కా మణికట్టు పట్టీలా చుట్టి పట్టుకుంటాయి. ఈ నాలుగింటి కూటమికి రొటేటర్ కఫ్ అని పేరు. చేయి పైకెత్తినప్పుడు గుండ్రని ఎముక తల తన గుంటలో నుండి జారకుండా నిలిపివుంచేది ఈ పట్టీయే.

నాలుగింటిలో పైన ఉన్నదే తరచుగా చిరుగుతుంది. ఎముకకు అంటుకునే చోట దాని మందం సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్లు. ఈ మందమంతా తెగి రంధ్రం పడితే అది సంపూర్ణ చిరుగు. మందంలో కొంత భాగమే చిరిగి మిగిలినది నిలిచివుంటే అది పాక్షిక చిరుగు. ఇందులోనూ తేడాలున్నాయి. కీలు వైపున, అంటే అడుగుభాగాన చిరగవచ్చు, పైభాగాన చిరగవచ్చు, రెండు పొరల నడుమ లోలోపల చీలవచ్చు. వీటిలో కీలు వైపు చిరుగులే ఎక్కువ. మామూజాన్‌ది కూడా అదే.

చిరుగు కనబడగానే కత్తి పట్టాలా?

మమ్మల్ని మొట్టమొదట ఆశ్చర్యపరిచినది ఈ విషయమే. 1995లో అమెరికాలో భుజం నొప్పి ఏమాత్రం లేని 96 మందికి ఎమ్మారై తీసి చూశారు. అరవై ఏళ్లు దాటిన వారిలో 54 శాతం మందికి ఏదో ఒక చిరుగు ఉంది. వారిలో దాదాపు సగం మందివి పాక్షిక చిరుగులు. వారెవరికీ బాధ లేదు. చిరుగు ఉన్నదన్న సంగతే తెలియదు. తలవెంట్రుకలు నెరిసినట్లే వయసుతో పాటు ఈ పట్టీ కూడా అరుగుతుందన్న మాట. అందుచేత రిపోర్టులో 'చిరుగు' అన్న పదం కనబడినంత మాత్రాన నొప్పికి మూలం అదేనని గాని, దానికి కుట్టు తప్పదని గాని తేల్చకూడదు.

మరో పరిశోధన బ్రిటన్‌లో 313 మంది మీద జరిగి 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. స్నాయుబంధనం పూర్తిగా తెగకుండానే భుజం నొప్పితో బాధపడుతున్న వారిని మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి భుజంపైన ఎముక మొనను చెక్కే ఆపరేషన్ చేశారు. రెండవ వర్గానికి లోపలికి కెమెరా పంపి చూశారే గాని ఏమీ చెక్కలేదు. మూడవ వర్గానికి ఆపరేషనే చేయలేదు. ఎముక చెక్కిన వారికి, ఊరికే కెమెరా పెట్టి చూసిన వారికి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అసలు ఆపరేషన్ లేని వారితో పోల్చినా లాభం స్వల్పమే. ఒకప్పుడు విరివిగా జరిగిన ఆ ఆపరేషన్‌ను ఇప్పుడు అంత తేలికగా సూచించడం లేదు.

కనుక పాక్షిక చిరుగుకు తొలి చికిత్స కత్తి కాదు. పనిలో మార్పు, నొప్పి మందులు, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కనీసం మూడు నెలల క్రమబద్ధమైన వ్యాయామం. అవసరమైతే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్. అయితే అది కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెరను పెంచుతుంది గనుక మధుమేహం ఉన్నవారు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎక్కువ మందికి ఈ దశలోనే ఉపశమనం లభిస్తుంది.

దీనికి మినహాయింపులున్నాయి. పడవలో జారిపడినా, బరువు ఒక్కసారిగా గుంజినా, ఆ వెంటనే చేయి పైకి లేవకపోతే మూడు నెలలు వేచివుండరాదు. వెంటనే ఎముకల డాక్టరును కలవాలి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బిగింత, చెమటలు, ఆయాసం ఉంటే అది భుజం జబ్బు కాకపోవచ్చు; గుండె పరీక్షకు క్షణం ఆలస్యం చేయకూడదు.

మామూజాన్ మూడు నెలలు నిష్ఠగా వ్యాయామం చేశారు. రాత్రి నొప్పి కొంత తగ్గింది. కాని చేతిలో బలం తిరిగి రాలేదు. విసురువల ఎత్తితే చేయి వణికేది. అప్పుడు మాత్రమే ఆపరేషన్ మాట మళ్లీ చర్చకు వచ్చింది.

'సగం' అనే గీత

భుజం చిరుగుల చికిత్సకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే వైద్యుడు 1911లోనే ఈ స్నాయుబంధనాన్ని కుట్టిన వైనాన్ని ప్రకటించారు. 1934లో వెలువడిన తన గ్రంథంలో కీలు వైపున అంచు చిరిగే పాక్షిక చిరుగులను సైతం ఆయన వర్ణించారు. 1990లో హార్వర్డ్ ఎల్‌మన్ వీటిని లోతును బట్టి మూడు తరగతులుగా విభజించారు: 3 మిల్లీమీటర్ల లోపు మొదటిది, 3 నుండి 6 వరకు రెండవది, 6 దాటితే మూడవది. అంటే మూడవ తరగతిలో మందం సగానికి పైగా పోయిందన్న మాట.

ఈ 'సగం' అన్నది నేటికీ సర్జన్లకు కొండగుర్తు. సగానికి లోపు చిరుగైతే చీకిన పీచును శుభ్రం చేసి వదిలివేయడమే సాధారణంగా చాలు. సగం దాటి, వ్యాయామంతో నయం కాకపోతే కుట్టడం మేలు. 1999లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సగానికి మించిన చిరుగులను కేవలం శుభ్రం చేసిన వారి కంటే కుట్టించుకున్న వారి స్థితి మెరుగ్గా ఉన్నట్లు తేలింది. అయితే ఇది గీటురాయి లాంటి కొలమానం కాదు. రోగి వయసు, చేసే పని, మిగిలిన పీచు నాణ్యత, ఇవన్నీ కలిపి చూడవలసిందే. మామూజాన్ చిరుగు సగం దాటింది. చేసేది భుజబలంతో కూడిన పని. వ్యాయామం మూడు నెలలు నిండింది. ఇక కుట్టక తప్పదన్న విషయంలో ఇద్దరు డాక్టర్లూ ఏకీభవించారు.

రెండు మార్గాలు

నేడు ఈ ఆపరేషన్ అధిక భాగం ఆర్థ్రోస్కోపీ ద్వారానే జరుగుతోంది. పెన్సిల్ మందాన ఉండే కెమెరాను చిన్న రంధ్రం గుండా కీలులోకి పంపుతారు. మరి రెండు మూడు రంధ్రాల గుండా పనిముట్లు వెళతాయి. కీలును ఉప్పునీటి ద్రావణంతో ఉబ్బించి, తెరపై చూస్తూ పని చేస్తారు. స్నాయుబంధనాన్ని ఎముకకు బిగించడానికి యాంకర్లు అనే చిన్న మేకులను ఎముకలో దించుతారు. వాటికి ముందే దారాలు అమర్చి ఉంటాయి.

ఇంతవరకు రెండు పద్ధతులకూ ఒకటే. తేడా ఇక్కడి నుండి మొదలవుతుంది.

మొదటి పద్ధతిలో మిగిలివున్న మంచి పీచును తెంపరు. దాని గుండానే యాంకరును ఎముకలోకి దించి, చిరిగిన అడుగు పొరను పైకి లాగి, దారాలను పైభాగాన ముడివేస్తారు. రెండవ పద్ధతిలో పాక్షిక చిరుగును కావాలనే సంపూర్ణ చిరుగుగా మారుస్తారు. అంటే మిగిలిన పీచును కూడా తెంపి, చీకిన అంచును తొలగించి, మొత్తం పట్టీని కొత్తగా ఎముకకు కుడతారు.

డాక్టరు ఇది వివరిస్తూంటే పక్కనే కూర్చున్న మామీజాన్ విన్నారు. ఆమె ఇంట్లో మిషను కుట్టి పిల్లలను చదివించిన మనిషి. "అంటే ఒకటి రఫూ, రెండోది చిరిగినంత మేరా కోసేసి కొత్త కుట్టు. గుడ్డ గట్టిగా ఉంటే రఫూ నిలుస్తుంది డాక్టరుగారూ, చీకిపోతే రఫూ నిలవదు గదా" అన్నారు. డాక్టరు నవ్వి, "మేము నిర్ణయించేది కూడా సరిగ్గా అలాగేనమ్మా" అన్నారు.

రఫూ పద్ధతిలో లాభం ఏమిటంటే, మంచి పీచు తన సహజమైన పొడవుతో, తన స్థానంలోనే మిగిలివుంటుంది. నష్టం ఏమిటంటే, చిరిగిన పొరకు, చిరగని పొరకు బిగువు సమానంగా కుదరదు. పై పొర ముడతపడవచ్చు, కింది పొర మరీ బిగుసుకోవచ్చు. అందువల్ల తొలి నెలల్లో నొప్పి, బిగుసుదనం ఎక్కువగా ఉండే అవకాశముంది. సర్జన్‌కు కూడా ఇది కష్టతరమైన పని. కోసి కుట్టే పద్ధతిలో చీకిన భాగమంతా పోతుంది, బిగువు సమంగా వస్తుంది, సర్జన్లకు బాగా అలవాటైన పని. కాని మంచిగా ఉన్న పీచును కూడా త్యాగం చేయవలసి వస్తుంది. కుట్టు అతకకపోతే అంతకు ముందు లేని పూర్తి రంధ్రం మిగులుతుంది.

పోల్చి చూసినవారు ఏమన్నారు?

2012లో దక్షిణ కొరియా సర్జన్లు కీలు వైపు పాక్షిక చిరుగులున్న 48 మందిని చెరి 24 మందిగా తీసుకొని రెండు పద్ధతులనూ పోల్చారు. కోసి కుట్టిన వర్గానికి తొలి నెలల్లో నొప్పి త్వరగా తగ్గి, కదలిక త్వరగా వచ్చింది. రఫూ వర్గం కోలుకోవడంలో కాస్త వెనుకబడింది. అయితే తర్వాత తీసిన ఎమ్మారైలో కోసి కుట్టిన వర్గంలో ఇద్దరికి కుట్టు మళ్లీ చిరిగింది. రఫూ వర్గంలో ఎవరికీ చిరగలేదు. అంతిమంగా నొప్పి విషయంలో, చేతి పనితనంలో ఇరువర్గాల వారూ ఒకే స్థాయికి చేరుకున్నారు. ఆ తరువాత ఇటలీ వైద్యులు జరిపిన పోలికల్లోనూ చివరి ఫలితాల్లో పెద్ద అంతరం కనబడలేదు.

దీని సారాంశం మాకు అర్థమైనంతలో ఇది: మిగిలిన పీచు బలంగా ఉంటే రఫూ, అది కూడా చీకి ఉంటే కోసి కుట్టడం. ఆ పీచు ఎలా ఉందో ఎమ్మారై పూర్తిగా చెప్పలేదు; కెమెరాతో చూసి, కొక్కెంతో లాగి చూస్తేనే తెలుస్తుంది. కనుక 'నాకు ఫలానా పద్ధతిలోనే చేయండి' అని పట్టుబట్టడం వల్ల ప్రయోజనం లేదు. రెండు పద్ధతుల్లోనూ చేయి తిరిగిన సర్జన్‌ను ఎంచుకోవడం, లోపల చూసి నిర్ణయించే స్వేచ్ఛను ఆయనకు ఇవ్వడం ఉత్తమం. మామూజాన్ విషయంలో లోపలి పీచు బాగుందని తేలింది. రఫూ చేశారు.

కొల్లాజెన్ పొర సంగతి

ఇటీవలి కాలంలో మరొక మార్గం కూడా వినవస్తోంది. స్నాయుబంధనం మీద కొల్లాజెన్‌తో చేసిన పలుచని పొరను పరిచి, దాని ఆధారంగా కొత్త కణజాలం పెరిగేలా చేస్తారు. అమెరికాలో 2014 నుండి వాడుకలో ఉన్న అటువంటి పొర ఒకటి ఆవుజాతి పశువుల మడమ స్నాయుబంధనం నుండి తయారవుతుంది. ఖరీదు ఎక్కువ. భుజం చికిత్సలో వాడిన ఇతర పొరల్లో పంది కణజాలం నుండి చేసినవి కూడా ఉన్నాయి. కాబట్టి అటువంటి దేనినైనా సూచించినప్పుడు అది ఏ జంతువు నుండి వచ్చింది, దానికి ప్రత్యామ్నాయం ఉందా అని అడగడం రోగి హక్కు. అడగడానికి మొహమాటపడనవసరం లేదు. సందేహముంటే విద్వాంసులైన ఉలమాను సంప్రదించాలి. సాధారణ యాంకర్లు లోహంతో గాని, ప్లాస్టిక్ వంటి పదార్థంతో గాని చేసినవే.

అసలు పరీక్ష ఆరు వారాలు

ఆపరేషన్ గంటన్నరలో ముగిసింది. పరీక్ష ఆ తర్వాత మొదలైంది. దారం పట్టీని ఎముకకు ఆనించి ఉంచుతుంది, అంతే, అతికించేది శరీరమే. అందుకు నెలలు పడుతుంది. సాధారణంగా తొలి ఆరు వారాలు చేతిని జోలెలో ఉంచాలి. ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికలు మాత్రమే చేయాలి. తరువాతి ఆరు వారాల్లో చేయి తన బలంతో లేవడం నేర్చుకుంటుంది. మూడు నెలలు దాటాకే బలం పెంచే వ్యాయామం. బరువు పనికి అయిదారు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మధుమేహం అదుపులో లేనివారికి, పొగతాగేవారికి అతుకు ఆలస్యమవుతుంది. మామూజాన్‌కు మూడు నెలల సగటు చక్కెర అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ తేదీ ఇచ్చారు.

చిన్నచిన్న విషయాలు ముందే ఆలోచించుకోవాలి. తల మీదుగా తొడిగే కుర్తా పనికిరాదు. ముందువైపు గుండీలున్న చొక్కాలు కావాలి. వెల్లకిలా పడుకోవడం కంటే దిండ్లు ఎత్తుగా పెట్టుకొని వాలి పడుకోవడం సుఖం. వుజూలో మరొకరి సాయం తీసుకోవచ్చు. తడి తగలకూడని కట్టుపై తడిచేతితో మసహ్ చేస్తే చాలు. తక్బీర్ సమయంలో చేతులెత్తడం సున్నత్; ఎత్తలేని చేయిని బలవంతంగా ఎత్తనవసరం లేదు. సజ్దాలో ఆ చేతిపై బరువు మోపితే కుట్టు తెగవచ్చు. నిలబడలేనివారు కూర్చొని, అదీ వీలుకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమన్నది దైవప్రవక్త (స) బోధ. మామూజాన్ ఆ ఆరు వారాలు కుర్చీలో కూర్చొని, రుకూ కన్నా సజ్దాకు మరికాస్త వంగి, సైగలతో నమాజు చేశారు. మొదటి జుమా రోజు కుర్చీలో కూర్చోవడానికి ఆయన సిగ్గుపడ్డారు. ఇమామ్ సాహెబ్ స్వయంగా వచ్చి, ధర్మం ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం కూడా విధేయతేనని నచ్చజెప్పారు.

నాలుగవ వారంలో గుంటలో పట్టుబడి వచ్చింది. నొప్పి తగ్గడంతో చేయి బాగైపోయిందని మామూజాన్ అనుకున్నారు. జోలె తీసి గుంట మీదకు బయలుదేరారు. మామీజాన్ గుమ్మంలో అడ్డు నిలబడి, "రఫూ చేసిన బట్టను మర్నాడే ఉతికి పిండుతారా?" అని అడిగారు. ఆయన మళ్లీ జోలె తగిలించుకున్నారు. ఆ పట్టుబడికి మస్జిదు జమాత్‌లోని ఇద్దరు యువకులు వెళ్లి నిలబడ్డారు. తరువాత రెండు నెలలు మేత చల్లడం కూడా వారే చూసుకున్నారు. ఒక బంధువు కర్జె హసనాగా ఇచ్చిన సొమ్ముతో ఇల్లు గడిచింది. ఆ సాయం లేకపోతే, ఎంత మంచి పద్ధతిలో కుట్టినా ఆ కుట్టు నిలిచేది కాదని మా నమ్మకం. ఆసుపత్రి ఖర్చు కంటే పని లేని ఆ నెలల ఖర్చే మా ఇంటికి పెద్దది.

కుటుంబం అడగవలసిన ప్రశ్నలు

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టరును ఈ ప్రశ్నలు అడగమని మా సలహా. చిరుగు మందంలో ఎంత మేరకు ఉంది, ఏ వైపున ఉంది? మూడు నెలల వ్యాయామం సక్రమంగా జరిగిందా? లోపల పీచు బాగుంటే ఏం చేస్తారు, చీకి ఉంటే ఏం చేస్తారు? యాంకర్లు ఎన్ని పట్టవచ్చు, ఒక్కొక్కటి ఎంత? యాంకరు పెరిగిన కొద్దీ బిల్లు పెరుగుతుంది. ఫిజియోథెరపీ ఎక్కడ, ఎన్నాళ్లు? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలువబడుతున్న పథకంలో ఈ చికిత్స మీకు వర్తిస్తుందా అన్నది నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. వీటితో పాటు ఇంట్లో వారు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆరు నెలలు ఈ మనిషి పనిని ఎవరు మోస్తారు? దానికి సమాధానం దొరికాకే ఆపరేషన్ తేదీ తీసుకోవాలి.

రఫూ చేసిన భుజం మొదటి మూడు నెలలు బిగుసుకొని మమ్మల్ని భయపెట్టింది. నాలుగవ నెల నుండి సడలింది. ఎనిమిదవ నెలలో మామూజాన్ మళ్లీ మేత చల్లడం మొదలుపెట్టారు. విసురువలను మాత్రం కొడుక్కి అప్పగించారు. ఇక దాన్ని ముట్టనని మామీజాన్‌కు మాట ఇచ్చారు. మొన్న ఆయన పక్కనే నమాజుకు నిలబడ్డాము. తక్బీర్ చెప్పినప్పుడు ఆయన కుడిచేయి చెవి దాకా వచ్చింది.

వ్యాధితో పాటు చికిత్సను కూడా ప్రసాదించిన అల్లాహ్, ఆ చికిత్స ఫలించేదాకా నిలిచే ఓర్పును రోగికి, అతని భారాన్ని పంచుకునే మనసును మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.